ఈ-రేట్

ఈ-రేట్ అనేది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పాఠశాలలకు, గ్రంథాలయాలకు ఇంటర్నెట్ మరియు టెలికమ్యూనికేషన్ సేవలను రాయితీ ధరకు అందించే పథకము. ఎడ్యుకేషన్ రేట్ (విద్యా ధర) అన్న మాటకు ఇది సంక్షిప్త రూపము. 1996 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము ఈ పథకానికి ఆధారము. 1998లో ఇది అమలులోకి వచ్చింది. నియమాలను ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ (ఎఫ్.సి.సి.) రూపొందిస్తుంది. రోజువారీ నిర్వహణను యూనివర్సల్ సర్వీస్ అడ్మినిస్ట్రేటివ్ కంపెనీ అనే లాభాపేక్ష లేని సంస్థ చూస్తుంది. పాఠశాల పేదరికాన్ని బట్టి బిల్లులో 20 నుండి 90 శాతము వరకు ఈ పథకము భరిస్తుంది.

నేపథ్యము

ధనిక, పేద, పట్టణ, గ్రామ భేదము లేకుండా అందరికీ అందుబాటు ధరలో టెలిఫోను ఉండాలన్న భావనను సార్వత్రిక సేవ అంటారు. అమెరికాలో 1934 నాటి కమ్యూనికేషన్ల చట్టము నుండి ఈ భావన ఉన్నది. 1990లలో ఇంటర్నెట్ వ్యాపించినప్పుడు పాత అంతరమే కొత్త రూపములో కనిపించింది. 1994లో అమెరికా ప్రభుత్వ పాఠశాలలలో 35 శాతానికి మాత్రమే ఇంటర్నెట్ ఉండేది. తరగతి గదుల లెక్కలో అది 3 శాతము మాత్రమే.

ఈ స్థితిని మార్చుటకు ఒలింపియా స్నో, జే రాక్‌ఫెల్లర్, జేమ్స్ ఎక్సన్, బాబ్ కెర్రీ అనే నలుగురు సెనేటర్లు 1996 చట్టములో ఒక సవరణ చేర్పించారు. అధ్యక్షుడు బిల్ క్లింటన్ 1996 ఫిబ్రవరి 8న చట్టముపై సంతకము చేశాడు. 1997 మే నెలలో ఎఫ్.సి.సి. విధివిధానాలను ప్రకటించి, ఏడాదికి 225 కోట్ల డాలర్ల గరిష్ఠ పరిమితిని విధించింది.

నిధుల మూలము

ఈ పథకానికి ధనము ప్రభుత్వ బడ్జెట్ నుండి రాదు. టెలికమ్యూనికేషన్ సంస్థలు తమ అంతర్రాష్ట్ర, అంతర్జాతీయ సేవల ఆదాయములో కొంత శాతాన్ని సార్వత్రిక సేవా నిధికి చెల్లిస్తాయి. ఆ మొత్తాన్ని అవి సాధారణంగా వినియోగదారుల బిల్లులో ప్రత్యేక పద్దుగా వసూలు చేసుకుంటాయి. అంటే ఇంటర్నెట్ ఎన్నడూ వాడని వ్యక్తి టెలిఫోను బిల్లులో కూడా బడి పిల్లల ఇంటర్నెట్ ఖర్చు కొంత ఉంటుంది. ఈ పథకాన్ని సమర్థించిన ఉపాధ్యక్షుడు ఆల్ గోర్ పేరిట విరోధులు దీనిని "గోర్ పన్ను" అని ఎద్దేవా చేశారు. భారతదేశములో 2002లో ఏర్పడిన సార్వత్రిక సేవా బాధ్యత నిధి కూడా టెలికాం సంస్థల ఆదాయము నుండి సేకరించేదే.

2000లో ఈ రుసుము రేటు సుమారు 6 శాతము. 2025 నాటికి 36 శాతానికి చేరింది. టెలిఫోను సేవల ఆదాయము తగ్గుతూ రావడము, ఇంటర్నెట్ సేవల ఆదాయముపై ఈ రుసుము లేకపోవడము ఇందుకు ముఖ్య కారణాలు.

రాయితీ లెక్క

పేద కుటుంబాల పిల్లలకు ఉద్దేశించిన జాతీయ మధ్యాహ్న భోజన పథకానికి ఎంత శాతము విద్యార్థులు అర్హులో దానిని బట్టి రాయితీ నిర్ణయిస్తారు.

* 1 శాతము లోపు: పట్టణాలలో 20, గ్రామాలలో 25 శాతము రాయితీ
* 1 నుండి 19 శాతము: పట్టణాలలో 40, గ్రామాలలో 50
* 20 నుండి 34 శాతము: పట్టణాలలో 50, గ్రామాలలో 60
* 35 నుండి 49 శాతము: పట్టణాలలో 60, గ్రామాలలో 70
* 50 నుండి 74 శాతము: రెండింటా 80
* 75 శాతము, ఆపైన: రెండింటా 90

ఉదాహరణకు, సగానికి పైగా పిల్లలు అర్హులైన పాఠశాలకు నెల బిల్లు 1000 డాలర్లు అయితే 800 డాలర్లు నిధి నుండి వస్తాయి. మిగిలిన 200 పాఠశాల కట్టాలి. సొంత వాటా తప్పనిసరి చేయడము వలన అనవసరపు కొనుగోళ్ళు తగ్గుతాయని ఉద్దేశము.

దరఖాస్తు విధానము

పాఠశాల ముందుగా 470వ నంబరు ఫారములో తన అవసరాలను బహిరంగంగా ప్రకటించాలి. కనీసము 28 రోజులు ఆగి, వచ్చిన టెండర్లను పరిశీలించి, ఒక సంస్థను ఎంచుకోవాలి. ఎంపికలో ధరకే అన్నిటికంటె ఎక్కువ ప్రాధాన్యము ఇవ్వాలి. తరువాత 471వ నంబరు ఫారముతో నిధులు కోరాలి. చిన్న గ్రామీణ పాఠశాలలలో ఈ పని చూచుటకు ప్రత్యేక సిబ్బంది ఉండరు. అందువలన గడువు తప్పి రాయితీ కోల్పోవడము, లేదా సలహాదారులను నియమించుకోవలసి రావడము జరుగుతుంటుంది.

బడి గుమ్మము నుండి తరగతి గదికి

పాఠశాల వరకు వచ్చే కనెక్షను ఒక వర్గము. లోపలి తీగలు, రూటర్లు, వై-ఫై పరికరాలు రెండవ వర్గము. కంప్యూటర్లకు, ఉపాధ్యాయుల శిక్షణకు ఈ-రేట్ వర్తించదు. మొదటి వర్గానికి చెల్లించిన పిదప మిగిలిన ధనమే రెండవ వర్గానికి దక్కేది. అది కూడా అత్యధిక రాయితీ గల పాఠశాలలతోనే చాలావరకు అయిపోయేది. 2013లో రెండవ వర్గానికి అసలు నిధులే మిగలలేదు. ఫలితంగా అనేక పాఠశాలలలో ఇంటర్నెట్ భవనము వరకు వచ్చినా గదులలో వై-ఫై లేకపోయింది.

2014లో ఎఫ్.సి.సి. ఈ లోపాన్ని సరిదిద్దింది. వార్షిక పరిమితిని 390 కోట్ల డాలర్లకు పెంచింది. వై-ఫై కొరకు ఏటా 100 కోట్ల డాలర్లు లక్ష్యంగా పెట్టుకొని, రెండవ వర్గములో గరిష్ఠ రాయితీని 85 శాతము చేసింది. టెలిఫోను మాటల సేవలకు రాయితీని ఏటా 20 శాతము చొప్పున తగ్గిస్తూ పూర్తిగా తొలగించింది.

విమర్శలు, వివాదాలు

తొలి సంవత్సరాలలో దుర్వినియోగము ఎక్కువగా జరిగింది. పోర్టోరికోలో పాఠశాలల కొరకు సుమారు 10 కోట్ల డాలర్లు వెచ్చించినా, బహు కొద్ది కంప్యూటర్లు మాత్రమే ఇంటర్నెట్‌కు అనుసంధానమయ్యాయని 2004లో ప్రతినిధుల సభ విచారణలో బయటపడింది. అదే ఏడాది ఒక నెట్‌వర్క్ సంస్థ నేరాన్ని అంగీకరించి 2 కోట్ల డాలర్లకు పైగా చెల్లించుటకు ఒప్పుకున్నది.

2000 డిసెంబరు నాటి బాలల ఇంటర్నెట్ రక్షణ చట్టము ప్రకారము, ఇంటర్నెట్ రాయితీ పొందే సంస్థలు అశ్లీల చిత్రాలను అడ్డుకొనే ఫిల్టర్లు పెట్టాలి. ఇది భావప్రకటన స్వేచ్ఛకు భంగమని గ్రంథాలయాలు వాదించగా, 2003లో సుప్రీం కోర్టు చట్టాన్ని సమర్థించింది.

సార్వత్రిక సేవా నిధి వసూలు విధానమే రాజ్యాంగ విరుద్ధమని 2024లో ఒక అప్పీళ్ళ న్యాయస్థానము తీర్పు చెప్పింది. 2025 జూన్ 27న సుప్రీం కోర్టు 6-3 ఆధిక్యతతో ఆ తీర్పును కొట్టివేసింది. దానితో పథకము నిలిచింది.

ప్రభావము

2005 నాటికి అమెరికా ప్రభుత్వ పాఠశాలలు దాదాపు అన్నింటికీ, తరగతి గదులలో 94 శాతానికి ఇంటర్నెట్ చేరింది. ఇందులో ఈ-రేట్ పాత్ర ముఖ్యమైనది. అయితే ఇంట్లో ఇంటర్నెట్ లేని పిల్లలు బడి వదిలాక హోంవర్కు చేయలేకపోవడము తరువాతి సమస్య అయినది. 2020లో కోవిడ్ వలన బడులు మూతపడినప్పుడు దీని తీవ్రత అందరికీ తెలిసింది. 2021లో అమెరికా కాంగ్రెసు 717 కోట్ల డాలర్లతో వేరొక అత్యవసర నిధిని ఏర్పాటు చేసింది. ఇళ్ళలో కనెక్షన్లకు, ల్యాప్‌టాప్‌లకు ఇచ్చిన ఈ సహాయము 2024లో ముగిసింది. ఎఫ్.సి.సి. 2023లో బడి బస్సులలో వై-ఫైకి, 2024లో పిల్లలు ఇంటికి తీసుకువెళ్ళే హాట్‌స్పాట్‌లకు ఈ-రేట్‌ను వర్తింపజేసింది. చట్టము తరగతి గదులకే పరిమితమన్న వాదనతో 2025 సెప్టెంబరులో ఈ రెండు నిర్ణయాలను రద్దు చేసింది.