దేశాంతర దత్తత

దేశాంతర దత్తత అనగా ఒక దేశంలో నివసించే బిడ్డను మరొక దేశంలో నివసించే దంపతులు లేదా ఒంటరి వ్యక్తి చట్టబద్ధంగా దత్తత తీసుకొనుట. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల నుండి విదేశాలకు వెళ్ళి స్థిరపడినవారు స్వస్థలం నుండి బిడ్డను పెంచుకోదలచినప్పుడు ఈ విధానమే వర్తిస్తుంది. బంధువుల బిడ్డ అయినప్పటికీ దీనికి మినహాయింపు లేదు.

చట్ట నేపథ్యం

లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు 1984లో ఇచ్చిన తీర్పు ఈ రంగంలో తొలి మార్గదర్శి. 1990లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన కేంద్రీయ దత్తత వనరుల సంస్థ (కారా) దేశాంతర దత్తతలను పర్యవేక్షిస్తున్నది. 1993 నాటి హేగ్ ఒడంబడికను భారతదేశం 2003లో ధ్రువీకరించింది. ప్రస్తుతం 2015 నాటి బాలల న్యాయ చట్టం, 2022 నాటి దత్తత నియమావళి అమలులో ఉన్నాయి. 2021లో జరిగిన సవరణ 2022 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చినందున, దత్తత ఉత్తర్వును న్యాయస్థానానికి బదులు జిల్లా కలెక్టరు జిల్లా మేజిస్ట్రేటు హోదాలో జారీ చేస్తారు.

ఈ కట్టుదిట్టాలకు తెలుగు నేలపై జరిగిన సంఘటనలు కూడా ఒక కారణం. 1999, 2001 సంవత్సరాలలో హైదరాబాదు, తాండూరులలోని కొన్ని ప్రైవేటు శిశుగృహాలపై విచారణలు జరిగాయి. లంబాడా తండాలలోని పేద తల్లుల నుండి మధ్యవర్తులు స్వల్ప మొత్తాలకు ఆడశిశువులను సేకరించి విదేశీ దత్తతకు తరలించారన్న ఆరోపణలు వెలువడ్డాయి. బిడ్డను వదులుకున్నట్లు తల్లి వేలిముద్ర వేసిన కాగితమే అప్పట్లో ప్రధాన ఆధారం. నేడు బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు పునరాలోచనకై 60 రోజుల గడువు ఉంది. ఆ తరువాతనే బాలల సంక్షేమ సమితి ఆ బిడ్డను దత్తతకు అర్హురాలిగా ప్రకటిస్తుంది.

విధానము, పత్రాలు

విదేశంలో నివసించేవారు నేరుగా శిశుగృహాన్ని సంప్రదించరాదు. తాము నివసించే దేశంలో కారా గుర్తింపు పొందిన దత్తత సంస్థ లేదా ఆ దేశపు కేంద్ర ప్రాధికార సంస్థ ద్వారా దరఖాస్తు చేయాలి. అటువంటివి లేనిచోట భారత రాయబార కార్యాలయాన్ని ఆశ్రయించవచ్చు. ప్రవాస భారతీయులకు స్వదేశంలోని దంపతులతో సమానమైన ప్రాధాన్యం ఉంది.

ముఖ్యంగా కావలసిన పత్రాలు:
* గృహ అధ్యయన నివేదిక
* పాస్‌పోర్టులు, జనన, వివాహ ధ్రువపత్రాలు
* ఆదాయ రుజువులు, వైద్య ధ్రువపత్రాలు
* పోలీసు ధ్రువీకరణ
* బిడ్డ వైపున సంక్షేమ సమితి ప్రకటన, శిశు అధ్యయన నివేదిక, వైద్య పరీక్షా నివేదిక

బిడ్డ నివేదికలపై దరఖాస్తుదారులు సమ్మతి సంతకం చేసిన పిమ్మట కారా నిరభ్యంతర పత్రం ఇస్తుంది. తరువాత కలెక్టరు ఉత్తర్వు, హేగ్ ఒడంబడిక 23వ అధికరణం ప్రకారం అనుగుణ్యతా ధ్రువపత్రం, బిడ్డకు పాస్‌పోర్టు, చివరగా వీసా వస్తాయి. ఈ వరుస తప్పరాదు. బిడ్డ విదేశానికి చేరిన తరువాత రెండేళ్ళ పాటు, మొదటి ఏడాది మూడు నెలలకొకటి, రెండవ ఏడాది ఆరు నెలలకొకటి చొప్పున నివేదికలు పంపాలి.

వ్యయం

2017 నియమావళి ప్రకారం విదేశంలో నివసించేవారు శిశు సంరక్షణ నిధికి 5,000 అమెరికన్ డాలర్లు చెల్లించవలసి ఉండగా, స్వదేశంలోని దంపతులకు అది 40,000 రూపాయలు. రుసుముల పట్టిక ఎప్పటికప్పుడు సవరింపబడుతుంది కనుక దరఖాస్తు సమయంలో కారా ప్రకటించిన పట్టికనే చూడాలి. విదేశంలోని దత్తత సంస్థ సేవలు, గృహ అధ్యయనం, వీసా, ప్రయాణాల ఖర్చు వేరు. అది పై మొత్తానికి అనేక రెట్లు కావచ్చు. నిర్ణీత రుసుము రసీదుపై చెల్లించాలి. బిడ్డను కొనుట, అమ్ముట చట్టంలోని 81వ సెక్షను ప్రకారం ఐదేళ్ళ వరకు కఠిన కారాగార శిక్షకు, లక్ష రూపాయల జరిమానాకు గురిచేసే నేరం.

బంధువుల బిడ్డ

అన్న కూతురును గాని, అక్క కొడుకును గాని సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దత్తత దస్తావేజు వ్రాయించుకొని విదేశానికి తీసుకొని వెళ్ళవచ్చునని పలువురు భావిస్తారు. దస్తావేజు ఒక్కటే చాలదు. బంధు దత్తతకు 60వ సెక్షను క్రింద కలెక్టరు ఉత్తర్వు, కారా నిరభ్యంతర పత్రం అవసరం. 1956 నాటి హిందూ దత్తత చట్టం క్రింద తీసుకున్న బిడ్డకు కూడా కారా పత్రం లేనిదే దేశాంతర ప్రయాణం సాగదు.

అచ్చంపేట, అమ్రాబాదు ప్రాంతాలలోని లంబాడా, చెంచు కుటుంబాలు మరొక విషయం గమనించాలి. 1956 చట్టం 2వ సెక్షను రెండవ ఉపవిభాగం ప్రకారం, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. కావున వారికి బాలల న్యాయ చట్టమే నమ్మదగిన మార్గం.

అమెరికాకు తీసుకొని వెళ్ళదలచినవారికి ఆ దేశపు వలస చట్టం కూడా అడ్డు వస్తుంది. దాని ప్రకారం బిడ్డ వయస్సు సాధారణంగా 16 ఏళ్ళకు లోబడి ఉండాలి. కన్నవారు ఇద్దరూ జీవించి ఉన్నచో, బిడ్డకు తగిన పోషణ కల్పించలేని స్థితి వారిదని నిరూపించాలి. మెరుగైన చదువు కొరకు పంపుతున్నామన్న కారణం చెల్లదు. దత్తత ఉత్తర్వుకు ముందే అక్కడి ఐ-800ఏ, ఐ-800 దరఖాస్తుల దశలు దాటాలి. ముందుగా ఇక్కడ దత్తత ముగించి తరువాత వీసాకు వెళ్ళినచో బిడ్డ ఇక్కడే చిక్కుబడిపోయే ప్రమాదం ఉంది.

విదేశీ బిడ్డను భారతీయులు దత్తత తీసుకొనుట

భారతదేశంలో నివసించే పౌరులు విదేశీ బిడ్డను తీసుకొనదలచినచో ముందుగా ఆ దేశపు చట్టం ప్రకారం లాంఛనాలు పూర్తి కావాలి. కారా ఆమోదం, బిడ్డకు భారత వీసా కూడా అవసరం.

సంప్రదించవలసిన చోటు

జిల్లా కేంద్రంలోని బాలల పరిరక్షణ విభాగం ఈ విషయంలో ఉచితంగా సలహా ఇస్తుంది. విడిచిపెట్టబడిన శిశువు కనబడినచో ఎవరూ స్వయంగా పెంచుకొనరాదు. 1098 నంబరుకు ఫోను చేసి తెలియజేయాలి.