కాల్షియాన్ని పట్టే చేయి

గుంటూరు మిరపకాయ కొరికితే నోరు భగ్గుమంటుంది. అక్కడ నిప్పు లేదు, కాలిన గాయమూ లేదు. మరి ఆ మంట ఎక్కడిది? మిరపకాయలోని కాప్సెయిసిన్ అనే పదార్థం నాలుకలోని నాడీకణాల పొరలో ఉండే ఒక ద్వారాన్ని తెరుస్తుంది. ఆ ద్వారం గుండా సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి దూసుకుపోతాయి. వెంటనే మెదడుకు కబురు వెళుతుంది. ఈ ద్వారాన్ని అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. 2021లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఆయన ఒకరు.

ఇప్పుడు భోజనాల గది నుంచి చేలోకి వెళదాం. లద్దెపురుగు ఒక ఆకును కొరికిందనుకోండి. మొక్కకు నాలుక లేదు, నాడులూ లేవు. అయినా కబురు వెళుతుంది! ఆవ కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్కపై గొంగళిపురుగును వదిలి, ఆకులలో కాల్షియం ఒక అలలాగా పాకడాన్ని శాస్త్రజ్ఞులు 2018లో కళ్ళారా చూపించారు. కొద్ది నిమిషాలలోనే ఆ అల దూరపు ఆకులను చేరింది.

మనిషిలోనూ మొక్కలోనూ కబురు తెచ్చేది కాల్షియమే. మరి ఆ కబురును అందుకునేది ఎవరు? కొన్ని ప్రోటీనులు. వాటి వంశచరిత్రే ఈ నెల మన పాఠం.

బయట కలిమి, లోపల లేమి

పిడుగురాళ్ళ సున్నం పేరు మీరు వినే ఉంటారు. సున్నంలో ఉన్న లోహం కాల్షియమే. పెద్దవారి శరీరంలో సుమారు ఒక కిలో కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకలలో, పళ్ళలో ఉంటుంది. మిగిలిన కొద్దిపాటి కాల్షియమే కబుర్లు మోస్తుంది.

ఇక్కడొక విచిత్రం గమనించండి. కణం బయట ఉన్న ద్రవంతో పోలిస్తే కణం లోపలి ద్రవంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం సుమారు పదివేలవ వంతు మాత్రమే. ఎందుకింత లోభం? కణం తన శక్తి వ్యవహారమంతా ఫాస్ఫేట్లతో నడుపుకుంటుంది. కాల్షియం, ఫాస్ఫేటు ఎక్కువ మోతాదులో కలిస్తే గట్టి లవణంగా గడ్డకడతాయి. మన ఎముక గట్టిదనం అలాంటి లవణం వల్ల వచ్చినదే. కణం లోపల అది జరిగితే ప్రాణానికే ముప్పు. అందుకే కణం కాల్షియాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోడిపోస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో చిన్న చప్పుడైనా ఖంగున వినిపిస్తుంది గదా! అలాగే కాల్షియం కాస్త లోపలికి వచ్చినా కణానికి వెంటనే తెలుస్తుంది.

చేప చూపిన చేయి

మన చేపల చెరువులలో పెంచే బంగారుతీగ చేపను చూసే ఉంటారు. దాని కండరంలో పార్వాల్బుమిన్ అనే చిన్న ప్రోటీను ఉంది. రాబర్ట్ క్రెట్సింజర్, ఆయన సహచరులు దాని ఆకారాన్ని 1973లో ఎక్స్ కిరణాల సాయంతో వెల్లడించారు.

మీ కుడిచేతి చూపుడువేలిని, బొటనవేలిని చాచి, మిగతా వేళ్ళు ముడవండి. చాచిన రెండు వేళ్ళు ప్రోటీనులోని రెండు మెలికల కడ్డీలనుకోండి. వాటిని కలిపే వంపులో కాల్షియం కూర్చుంటుంది. ఆ వంపులో 12 అమైనో ఆమ్లాలు ఉంటాయి. అవి కాల్షియం చుట్టూ ఏడు ఆక్సిజన్ పరమాణువులను అమర్చి దానిని పట్టుకుంటాయి. ఈ అమరికకు శాస్త్రజ్ఞులు ‘చేయి’ అనే పేరే పెట్టారు.

తర్వాత ఇదే చేయి ఎన్నో ప్రోటీనులలో కనిపించింది. వాటిలో ముఖ్యమైనది కాల్మోడులిన్. దీనిలో 148 అమైనో ఆమ్లాలు, నాలుగు చేతులు ఉన్నాయి. దాని ఆకారాన్ని 1985లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన బృందంలో మొదటి పేరు వై.ఎస్. బాబు. ఆయన ఇంటిపేరు యార్లగడ్డ. మా గుంటూరు, ప్రకాశం జిల్లాలలో తరచు వినిపించే ఇంటిపేరే! అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఈ పరిశోధన జరిగింది. కాల్మోడులిన్ వ్యాయామశాలలోని డంబెల్‌లాగా ఉందని ఆ బృందం చూపింది. ఒక్కొక్క గుండులో రెండేసి చేతులు.

పోలిక చూడండి

ఇంతకూ ఈ చేతులు ఒకే వంశానివని ఎలా చెప్పగలం? మీరే సరిచూడండి. మనిషి కాల్మోడులిన్‌లో మొదటి చేతి వంపు, మూడవ చేతి వంపు ఇవి:

మొదటిది: ఆస్ – లై – ఆస్ – గ్లై – ఆస్ – గ్లై – థ్రి – ఐ – థ్రి – థ్రి – లై – గ్లూ

మూడవది: ఆస్ – లై – ఆస్ – గ్లై – ఆన్ – గ్లై – టై – ఐ – సె – అ – అ – గ్లూ

(ఆస్: ఆస్పార్టిక్ ఆమ్లం, ఆన్: ఆస్పరాజిన్, లై: లైసీన్, గ్లై: గ్లైసీన్, థ్రి: థ్రియోనిన్, టై: టైరోసిన్, ఐ: ఐసోల్యూసిన్, సె: సెరీన్, అ: అలనీన్, గ్లూ: గ్లూటామిక్ ఆమ్లం.)

పన్నెండింటిలో ఏడు సరిపోయాయి! అమైనో ఆమ్లాలు 20 రకాలు గనుక, యాదృచ్ఛికంగా అయితే ఒక్కటి కలవడమే గొప్ప. “కాల్షియాన్ని పట్టాలంటే అలాగే ఉండాలేమో” అని మీలో ఒకరు అడగవచ్చు. మంచి ప్రశ్న. కాని రెండవ స్థానంలో ఉన్న లైసీన్ కాల్షియాన్ని తాకదు. అయినా రెండింటిలోనూ అదే ఉంది. వంపుకు ముందున్న అమైనో ఆమ్లం రెండింటిలోనూ ఫినైల్ అలనీన్; తర్వాతది రెండింటిలోనూ ల్యూసిన్. పనికి అవసరం లేనిచోట కూడా పోలిక కనిపిస్తే అది రక్తసంబంధానికి గుర్తు.

కణం తన జన్యువును నకలు తీసేటప్పుడు ఒక్కోసారి ఒక భాగాన్ని రెండుసార్లు రాస్తుంది. అసలుది పాత పని చేస్తూ ఉంటే, నకలుకు మారే వెసులుబాటు దొరుకుతుంది. ఇలా ఒక చేయి రెండై, రెండు నాలుగైనాయి. అందుకే కాల్మోడులిన్‌లో మొదటి చేయి మూడవదానికి, రెండవది నాలుగవదానికి ఎక్కువ దగ్గర. మన కండరాలలో ఉండే ట్రోపోనిన్-సి ప్రోటీను కూడా ఈ నాలుగు చేతుల వంశానిదే.

ఇప్పుడు చేనంతా ఒకసారి కలియజూడండి. రైతు, ఎద్దు, కోడి, కప్ప: వీటన్నిటిలో కాల్మోడులిన్ ఒక్క అక్షరం తేడా లేకుండా ఒకటే. కీటకాలలో తేడాలను వేళ్ళమీద లెక్కించవచ్చు. మొక్కలది మన దానితో సుమారు 90 శాతం కలుస్తుంది. రొట్టెలు పొంగించే ఈస్ట్‌లో మాత్రం కలిసేది సుమారు 60 శాతమే. అయినా ఈస్ట్ తన కాల్మోడులిన్‌కు బదులు వెన్నెముక గల జంతువు కాల్మోడులిన్‌తో బతకగలదని 1989లో తేలింది. మొక్కలు, జంతువులు విడిపోయి వంద కోట్ల ఏళ్ళు దాటినా చుట్టరికం చెరిగిపోలేదన్నమాట.

ఒక్క అక్షరం విలువ

ఇంతకాలం మారకుండా ఉన్న అక్షరం మారితే ఏమవుతుంది? స్వీడన్‌కు చెందిన ఒక కుటుంబంలో పలువురికి గుండె లయ తప్పుతూ ఉండేది. కారణం కాల్మోడులిన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారడమేనని 2012లో తెలిసింది. మరుసటి సంవత్సరం, పదేపదే గుండె ఆగిపోయిన ఇద్దరు పసిబిడ్డలలోనూ ఇటువంటి మార్పులే బయటపడ్డాయి. మనలో కాల్మోడులిన్ జన్యువులు మూడు. తల్లి వైపు, తండ్రి వైపు కలిపి ఆరు ప్రతులు. అందులో ఒక్క ప్రతి చెడినా ఆ బిడ్డల గుండె తట్టుకోలేకపోయింది. కోటానుకోట్ల ఏళ్ళుగా ఏ జీవిలోనూ మారని అక్షరం రోగిలో మారి కనిపిస్తే వైద్యుడు దానిని వెంటనే అనుమానించాలి. వంశవృక్షం మనకు అక్కరకు వచ్చేది ఇక్కడే.

వృత్తి మానిన వారసులు

వంశంలో అందరూ తాతల వృత్తినే చేస్తారా? గుండె కండరంలోని ట్రోపోనిన్-సి మొదటి చేయి కాల్షియాన్ని పట్టలేదు. ఇంటిపేరు కస్తూరివారు అన్న సామెతలాగా పేరుకే అది చేయి!

ఇంకా చక్కని ఉదాహరణ హైదరాబాదులో దొరికింది. మన కంటి కటకంలో క్రిస్టలిన్లు అనే ప్రోటీనులు ఉన్నాయి. వీటిలో ఒక తెగకు కాల్మోడులిన్‌తో సంబంధం లేదు. వాటి మడత తీరే వేరు. ఆ తెగ బంధువులు బాక్టీరియాలలోనూ ఉన్నారు. కాల్షియాన్ని పట్టడానికి వీటికి ఒక ఉమ్మడి అమరిక ఉందని సీసీఎంబీ పరిశోధనాలయంలో యోగేంద్ర శర్మ, ఆర్. శంకరనారాయణన్, వారి సహచరులు 2009లో ప్రకటించారు. కాని మన కటకంలోని ఈ ప్రోటీనులు ఆ శక్తిని చాలావరకు పోగొట్టుకున్నాయి.

ఎందుకు? 2013లో శర్మ బృందం కటకపు ప్రోటీనులో ఆ పాత అమరికను తిరిగి నిర్మించి చూసింది. ప్రోటీను స్థిరత్వం తగ్గిపోయింది! కటకం మధ్యభాగంలోని ప్రోటీనులు మనం పుట్టినప్పటి నుంచి జీవితాంతం మారకుండా ఉండాలి. అవి చెదిరి ముద్దకడితే కటకం మసకబారుతుంది, అదే శుక్లం. అంటే మన చూపు కోసం ఆ ప్రోటీను తాతల విద్యను వదులుకున్నదన్నమాట. పోగొట్టుకోవడం కూడా పరిణామమే.

పని ఒకటైతే చాలదు

కాల్షియాన్ని పట్టినంత మాత్రాన అన్నీ చుట్టాలు కావు. పాలలోని కేసీన్‌ది పూర్తిగా మరో వంశం. దాని జన్యువులు, పంటి ఎనామిల్‌ను కట్టే ప్రోటీనుల జన్యువులు ఒకే పూర్వికుని నుంచి వచ్చాయని కవాసాకి, వైస్ అనే శాస్త్రజ్ఞులు 2003లో చూపారు. ఒంగోలు ఆవు పాలకు, ఆ పాలు తాగే మీ పంటికి ఉన్న బంధుత్వం అది!

కాబట్టి గుర్తుంచుకోండి: పని చూసి చుట్టరికం కలపకూడదు, పోలిక చూసి కలపాలి. పైన ఇచ్చిన రెండు వరుసల పక్కన కాల్మోడులిన్ రెండవ చేతిని రాసి మీరే పోల్చండి: ఆస్ – అ – ఆస్ – గ్లై – ఆన్ – గ్లై – థ్రి – ఐ – ఆస్ – ఫి – ప్రో – గ్లూ. (ఫి: ఫినైల్ అలనీన్, ప్రో: ప్రోలిన్.) మూడు వరుసలలోనూ మారకుండా నిలిచిన స్థానాలు ఎన్ని? వాటిలో ఏవి కాల్షియాన్ని తాకుతాయనుకుంటారు? ముందు మీ నోటుపుస్తకంలో రాసి, తర్వాత మీ సైన్సు మాస్టారితో చర్చించండి.