పిల్లికూతల వెనుక కథ

ఏడాది నిండని పాపాయికి జలుబు చేసింది. రెండు రోజుల్లో ఛాతీలోకి దిగింది. రాత్రంతా గురగుర... తెల్లారేసరికి పిల్లికూతలు! 'మొన్న తలకు పోశాను, అందుకేనేమో' అని తల్లి బాధ. 'వాళ్ల తాతకు ఉబ్బసం ఉండేదిగా' అని అమ్మమ్మ అనుమానం. న్యుమోనియా తగ్గి ఇంటికొచ్చాక అందరిదీ ఒకటే ప్రశ్న... ఇది ఇంతటితో పోతుందా, ఆస్తమాగా మారుతుందా?

డెన్మార్క్ వైద్యులు దీనికి జవాబు కోసం పసిగుడ్డుల దగ్గర్నుంచే వెతకడం మొదలుపెట్టారు. ఆస్తమా ఉన్న తల్లులకు పుట్టిన 411 మంది పిల్లల్ని ఎంచుకుని ఏళ్ల తరబడి గమనించారు. నెల వయసులో, ఏ జబ్బూ లేనప్పుడే 321 మంది గొంతు నుంచి నమూనాలు తీశారు. ప్రతి అయిదుగురిలో ఒకరికి న్యుమోకాకస్, హీమోఫిలస్, మొరాక్సెల్లా అనే బ్యాక్టీరియాల్లో ఏదో ఒకటి కనిపించింది. ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్లకు కారణమయ్యే సూక్ష్మజీవులే ఇవి. అయిదేళ్లు వచ్చేసరికి ఆ పిల్లల్లో 33 శాతం మందికి ఆస్తమా ఉంది. మిగతావారిలో 10 శాతమే. డాక్టర్ హాన్స్ బిస్‌గార్డ్ బృందం 2007లో ఈ వివరాలు ప్రకటించింది.

కబురు దారి తప్పితే...

మరి తప్పంతా బ్యాక్టీరియాదేనా? ఆరు నెలల వయసులో ఆ పిల్లల నుంచి తీసిన రక్తం మరో సంగతి చెప్పింది. అందులోని రోగనిరోధక కణాలకు ప్రయోగశాలలో అవే బ్యాక్టీరియాలను చూపించారు. ఏడేళ్లలోపు ఆస్తమా బారిన పడిన పిల్లల కణాలు ఐఎల్-5, ఐఎల్-13 అనే రసాయనాలను ఎక్కువగా విడుదల చేసినట్లు 2014లో వెల్లడైంది. అలర్జీలో పనిచేసేవీ ఇవే. మొదటిది ఇసినోఫిల్ కణాలను పెంచుతుంది. రెండోది కఫాన్ని పెంచి, శ్వాసనాళాలు చిన్న కారణానికే బిగుసుకుపోయేలా చేస్తుంది. బ్యాక్టీరియాను తరమమని పంపాల్సిన కబురు అలర్జీ దారిలో వెళ్లిపోయిందన్నమాట!

బ్యాక్టీరియా వల్లే ఆస్తమా వచ్చిందా, ఆస్తమా రాబోయే శరీరమే బ్యాక్టీరియాను సరిగా తరమలేకపోయిందా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. ముందుగానే యాంటీబయోటిక్స్ వాడితే ఆస్తమా రాదని ఈ పరిశోధనలు చెప్పలేదు. డాక్టర్ చెప్పకుండా వాటిని వాడకూడదు.

అమ్మానాన్నల చేతిలో...

* న్యుమోకాకల్ టీకా ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021లో దేశమంతటికీ వచ్చింది. ఆరు వారాలు, 14 వారాలు, తొమ్మిది నెలలకు వేయించాలి. పెంటావాలెంట్ టీకా హిబ్ రకం న్యుమోనియా నుంచీ కాపాడుతుంది.

* ఇంట్లో సిగరెట్, కట్టెల పొయ్యి పొగ బిడ్డకు తగలనివ్వొద్దు. ఆరు నెలల వరకూ తల్లిపాలే ఇవ్వాలి.

* దగ్గు, జలుబు ఉంటే బిడ్డ ఏడవనప్పుడు నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల్లోపు 60, ఏడాదిలోపు 50, అయిదేళ్లలోపు 40 లేదా అంతకు మించినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఒక్కసారి న్యుమోనియా వచ్చినంత మాత్రాన ఆస్తమా రాసిపెట్టినట్టు కాదు. గొంతులో బ్యాక్టీరియా ఉన్న ఆ డెన్మార్క్ పిల్లల్లోనూ, తల్లికి ఆస్తమా ఉన్నా సరే, ముగ్గురిలో ఇద్దరు దాని బారిన పడలేదు. కాబట్టి 'తలకు పోశాను కదా' అని ఏ తల్లీ కుమిలిపోనక్కర్లేదు. పిల్లికూతలు మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం పిల్లల డాక్టర్‌కు చూపించడం మానొద్దు.