గుమ్మం వెడల్పెంత?

ఇటలీ ఉత్తరపు కొసన, మెరానో పట్టణం పక్కనే, కొండవాలు వెంట ఒక సాగునీటి కాలువ 12 కిలోమీటర్లు సాగుతుంది. పేరు మార్లింగ్ వాల్. 18వ శతాబ్దంలో క్రైస్తవ మఠవాసులు తవ్వించిన కాలువ ఇది. ఆ వైపు ఆపిల్ తోటలకు ఇదే ఆధారం. గట్టు మీద కాలిబాట ఉంది. నీళ్లు మెల్లగా దిగాలి కాబట్టి కాలువకు వాలు చాలా తక్కువ, పక్కనున్న బాటకూ అంతే. చుట్టూ ఎటు చూసినా నిటారు కొండలే ఉన్న చోట ఇలా సాఫీగా సాగే దారి దొరకడం అదృష్టం. పిల్లల బండి తోసుకెళ్లే తల్లులకూ, కొన్నిచోట్ల వీల్‌చైర్‌లో వెళ్లేవారికీ అది పనికొస్తోంది. తవ్వించినవాళ్లు ఈ సంగతి కలలో కూడా అనుకుని ఉండరు.

‘కొన్నిచోట్ల’ అన్నామే, చిక్కంతా అక్కడే. ఏ చోట? ఎంత దూరం? మధ్యలో మెట్లు వస్తే? బాట ఇరుకైతే కుర్చీ వెనక్కి తిప్పుకునే వీలుందా? నడవగలిగిన మనిషి ఇవన్నీ దారిలో తేల్చుకుంటాడు. వీల్‌చైర్‌లో వచ్చే మనిషికి మాత్రం ఇల్లు కదలకముందే తెలియాలి.

ఈ ప్రాంతాన్ని సౌత్ టిరోల్ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. అందుకే ఇటలీలో ఉన్నా ఇప్పటికీ ఎక్కువ మంది ఇంటి భాష జర్మన్. ఊళ్లకు రెండేసి పేర్లు, బోర్డుల మీద రెండూ ఉంటాయి. ఐరోపా సమాఖ్యలో పండే ఆపిల్స్‌లో దాదాపు పదింట ఒకటి ఇక్కడిదే. పడమటి లోయ వింష్‌గావ్‌లో వానలు తక్కువ. కాలువలు లేనిదే సేద్యం లేదు, కాలువల మీద ఒక కాపలాదారు లేనిదే వంతులు సాగవు. అతన్ని వాలర్ అంటారు, మన చెరువుల కింది నీరటి లాంటివాడు. కాలువలో ఒక చిన్న చక్రం పెడతారు. నీళ్లు పారుతున్నంతసేపూ చక్రం తిరిగి, దానికి కట్టిన సుత్తి గంటను మోగిస్తూ ఉంటుంది. గంట ఆగిందంటే పైన ఎక్కడో కొమ్మో రాయో అడ్డుపడ్డట్టు. కొండెక్కి చూడకుండానే సంగతి తెలిసిపోతుంది. ఈ లోయవాళ్లకు దూరం నుంచి సమాచారం తెప్పించుకోవడం కొత్త విద్య కాదన్నమాట.

దారి సంగతి అలా ఉంటే, ఇక చూడాల్సింది రైతు ఇంట బస. పర్యాటకులకు గదులిచ్చే రైతు సేద్యం మానకూడదని, అదే అసలు వృత్తిగా ఉండాలని ఇటలీ 1985లో చట్టం చేసింది. 2006లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చినా ఆ షరతు పోలేదు. సౌత్ టిరోల్ రైతు సంఘం ‘రోటర్ హాన్’, అంటే ఎర్ర పుంజు, అనే గుర్తు కింద ఇలాంటి ఇళ్లను ఒక్కచోట చేర్చింది. హోటళ్లకు చుక్కలిచ్చినట్టు వీటికి పూలిస్తారు. ముచ్చటైన ఏర్పాటే. కానీ ఎన్ని పూలున్నా బాత్రూము తలుపు ఎంత వెడల్పో అవి చెప్పవు. పైగా ఇవి పాత ఇళ్లు. రాతి గడపలు, కొయ్య మెట్లు, పశువుల కొట్టం ముందు ఏటవాలు. పగలగొట్టి సమతలం చేద్దామంటే రైతు ఇల్లు అనేదే మిగలదు.

ఇక్కడే మెరానోలోని ‘ఇండిపెండెంట్ ఎల్.’ అనే సామాజిక సహకార సంఘం పని మొదలవుతుంది. ‘అందరి కోసం సౌత్ టిరోల్’ అని అర్థం వచ్చే పేరుతో వాళ్లు నడిపే వెబ్‌సైట్‌లో హోటళ్లు, రైతు ఇళ్లు, మ్యూజియాలు, నడకదారుల వివరాలుంటాయి. యజమాని చెప్పింది రాసుకోరు, మనుషులు వెళ్లి కొలిచి వస్తారు. గొప్పదనమల్లా ఇదే, సాంకేతికంగా చూస్తే ఇందులో అబ్బురపడాల్సింది ఏమీ లేదు. ఒక టేపు, ఒక వాలుకొలత, ఒక కెమెరా. గుమ్మం 80 సెంటీమీటర్లని రాసి ఉంటే, 66 సెంటీమీటర్ల కుర్చీ ఉన్నవాడు ధైర్యంగా బయల్దేరతాడు. 72 ఉన్నవాడు చక్రం తిప్పే చేతికి చోటు చాలుతుందో లేదో లెక్కేసుకుంటాడు. ‘వీల్‌చైర్‌కు అనుకూలం’ అని మాత్రమే రాస్తే ఇద్దరికీ ఏమీ తెలియదు.

వాలు కూడా అంతే. ఇటలీ 1989 నిబంధనల్లో ర్యాంపు వాలు 8 శాతం మించకూడదు. మన దేశంలో 12 అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు, అంటే 8.33 శాతం. కొండ మీది పొలం బాటలు ఈ నిబంధనలకు లొంగవు. కానీ ఒక బాట 14 శాతం వాలని తెలిస్తే, బ్యాటరీ కుర్చీ ఉన్నవాళ్లు వస్తారు, తోసే మనిషి తోడున్నవాళ్లు ఆలోచిస్తారు, ఒంటరిగా వచ్చేవాళ్లు వేరే తోట చూసుకుంటారు. ఎవరి శక్తి వాళ్లకే తెలుసు. వాళ్ల తరఫున మనం తీర్పు చెప్పడమెందుకు?

ఇలాంటి సమాచారం కోసం వేరే సాధనాలూ ఉన్నాయి. బెర్లిన్‌లో 2010లో పుట్టిన ‘వీల్‌మ్యాప్’ ఎవరైనా నింపగలిగే పటం. పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ప్రపంచమంతా గుర్తులు పెట్టుకుంటూ పోతోంది. నగరంలో బ్రహ్మాండంగా పనికొస్తుంది. పల్లెలో మాత్రం ఏ ఇంటిని చూసినా పసుపు, అంటే ‘కొంతవరకే వీలు’ అనే గుర్తు, పెట్టాలనిపిస్తుంది. చూపులేనివారికి ‘బీ మై ఐస్’ ఉంది. డెన్మార్క్‌కు చెందిన, తానూ చూపు తగ్గినవాడైన హాన్స్ యోర్గెన్ విబెర్గ్ ఆలోచన ఇది, 2015లో వచ్చింది. ఫోన్ కెమెరా ముందు పెడితే ఎక్కడో ఉన్న వలంటీరు చూసి చెబుతారు. అయితే లోయలో సిగ్నల్ పోతే ఇదీ ఆగిపోతుంది.

2025 జూన్ 28 నుంచి ఐరోపా సమాఖ్యలో కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఆన్‌లైన్‌లో అమ్మే వెబ్‌సైట్లు వికలాంగులకు వాడుకోవడానికి వీలుగా ఉండాలి. కానీ సేవలందించే అతి చిన్న సంస్థలకు, అంటే పదిమందికన్నా తక్కువ పనివాళ్లూ 20 లక్షల యూరోలకు మించని టర్నోవరూ ఉన్నవాటికి, మినహాయింపు ఇచ్చారు. రైతు ఇళ్లు దాదాపు అన్నీ ఇందులోకే వస్తాయి. తప్పనలేం. ఆవుల పాలు పితికి వచ్చి కోడ్ రాయమంటే ఎలా? అందుకే విడివిడి రైతుల మీద వదిలేయకుండా, అందరి కొలతలూ ఒకచోట చేర్చే వెబ్‌సైట్ అవసరం.

మన అరకు కాఫీ తోటల్లో కూడా వాలే అసలు సమస్య. సిల్వర్ ఓక్ నీడలో మిరియాల తీగల మధ్య పండే ఆ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే విశాఖ నుంచి అద్దాల బోగీ నడవడం మొదలైంది. రైలు దిగాక వికలాంగ ప్రయాణికుడు చేసేదేమిటి? మన దగ్గర హోంస్టే ప్రకటన అంటే వాట్సాప్‌లో తిరిగే ఒక పోస్టరు. ధరలు, దారి, భోజనం, అన్నీ బొమ్మలో కలిసిపోయి ఉంటాయి. చూపులేనివారికి ఫోన్ తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్ తెలుగు చక్కగా చదువుతుంది, కానీ ఇలాంటి పోస్టరు ముందు తడబడుతుంది. పీడీఎఫ్ అయితే మరీ ఘోరం. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు కంటికి ముత్యాల్లా కనిపిస్తుంది, స్క్రీన్ రీడర్‌కు మాత్రం అర్థంలేని ఇంగ్లిషు అక్షరాల కుప్ప. యూనికోడ్‌లో పది వాక్యాలు టైపు చేసి పంపితే సరిపోయేది, ఖర్చు కూడా లేదు. బుకింగ్‌కు ఫోన్ నంబరు ఒక్కటే ఇచ్చి, మెసేజ్‌కు బదులివ్వకపోతే బధిరులకు ఆ తోట లేనట్టే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందుబాటు నిబంధనలు ఉత్త సూచనలుగా మిగిలితే చాలదనీ, తప్పనిసరి ప్రమాణాలు కావాలనీ 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ప్రమాణాలు కొండ మీది హోంస్టే దాకా చేరడానికి ఎన్నేళ్లు పడుతుందో గానీ, గుమ్మం కొలవడానికి వాటికోసం ఆగక్కర్లేదు.

సౌత్ టిరోల్ వెళ్లాలనుకునేవారికి ఒక మాట. వింష్‌గావ్ లోయ రైలు మార్గాన్ని 2005లో మళ్లీ తెరిచినప్పుడు నేల తక్కువ ఎత్తులో ఉండే రైళ్లు పెట్టారు. ప్లాట్‌ఫాం మీంచి నేరుగా ఎక్కొచ్చు. ఆపిల్ కోతలు ఆగస్టు చివర మొదలై అక్టోబరు దాకా సాగుతాయి. ఆ తర్వాత కొత్త వైనూ కాల్చిన చెస్ట్‌నట్‌లతో రైతు ఇళ్లలో విందులు. వాటిలో కొన్ని నేలమాళిగల్లో జరుగుతాయి. మెట్లెన్నో ముందే అడగండి.