చేటలో మినుములు, స్కాన్‌లో గడ్డ

"మేడమ్, సంచీ పెట్టుకోవాల్సిందేనా?"

గుడివాడ వైపు నుంచి వచ్చిన ఆ మాస్టారు నన్ను అడిగిన మొదటి మాట అది. వయసు 44. మలంలో రక్తం పడుతుంటే మొలలే అనుకుని ఎనిమిది నెలలు మందులు మింగారు. చివరికి ఒక సర్జన్ వేలు పెట్టి చూస్తే గడ్డ తగిలింది. బయాప్సీలో క్యాన్సరని తేలింది. పెద్దపేగు చివరి భాగమైన మలాశయంలో, మలద్వారానికి కాస్త పైన ఉంది. పొట్ట మీద మలం సంచీ తగిలించుకుని పిల్లల ముందు నిలబడి పాఠం ఎలా చెప్పడమన్నదే ఆయన దిగులు.

విజయవాడలో 22 ఏళ్లుగా స్కాన్లు చదువుతున్న రేడియాలజిస్టుని నేను. ఆయన తెచ్చిన ప్లాస్టిక్ కవర్లో వేరేచోట తీసిన ఎంఆర్‌ఐ ఫిల్ములు రెండున్నాయి. గడ్డ పేగు గోడ దాటి బయటి తెరను తాకిందని రిపోర్టు. రాసినవారి చదువు మీద నాకు అనుమానం రాలేదు. ఆ బొమ్మలు తీసిన తీరు మీద వచ్చింది.

ఆ తెర సంగతి కొంచెం చెప్పాలి. మలాశయం చుట్టూ కొవ్వు దిండులా ఉంటుంది. ఆ దిండుకు గలీబులా ఒక పల్చని తెర. గడ్డ ఒక్కదానితో సరిపెట్టకుండా ఆ దిండు మొత్తాన్ని, గలీబు చిరగకుండా, ఒక్క ముద్దగా తీయాలని 1982లో ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ సర్జన్ బిల్ హీల్డ్ చెప్పారు. అలా తీసినవారిలో వ్యాధి తిరగబెట్టడం బాగా తగ్గింది. కోసిన అంచుదాకా క్యాన్సర్ పాకి ఉన్నవారిలోనే ఎక్కువగా అది అక్కడ మళ్లీ మొలుస్తోందని 1986లో లీడ్స్‌లో ఫిలిప్ క్వర్క్ బృందం సూక్ష్మదర్శినిలో చూసి చెప్పింది. ఇప్పుడు మేం పాటించే హద్దు 1 మిల్లీమీటరు. గడ్డకూ తెరకూ మధ్య అంతకన్నా ఎక్కువ ఎడం లేకపోతే ముందు రేడియేషన్, కీమోలతో గడ్డను కుదించే ప్రయత్నం చేస్తారు.

ఆపరేషన్‌కు ముందే ఆ ఎడం కొలవగలమా? గీనా బ్రౌన్ వంటి రేడియాలజిస్టులు యూరప్ ఆసుపత్రులతో కలిసి చేసిన మెర్క్యురీ అధ్యయనం 2007లో 295 మంది లెక్కలు బయటపెట్టింది. గోడ దాటి గడ్డ ఎంత లోతు వెళ్లిందో ఎంఆర్‌ఐ చెప్పిన కొలతా, ఆపరేషన్ తర్వాత ల్యాబ్‌లో కొలిచిన కొలతా సగటున అర మిల్లీమీటరు లోపు తేడాతో సరిపోయాయి.

అయితే బొమ్మను తీయాల్సినట్టు తీయాలి. అరటికాయను సరిగ్గా అడ్డంగా కోస్తే తొక్క సన్నగా కనిపిస్తుంది. ఏటవాలుగా కోస్తే అదే తొక్క మందమైపోతుంది. మలాశయం తిన్నగా ఉండదు, వంపు తిరిగి ఉంటుంది. గడ్డ ఉన్నచోట పేగు ఎటు వంగితే దానికి సరిగ్గా అడ్డంగా, 3 మిల్లీమీటర్ల మందంతో బొమ్మలు తీయాలి. మాస్టారి ఫిల్ముల్లో అన్నీ ఏటవాలు కోతలే. గోడ అలికేసినట్టుంది. టెక్నీషియన్ పక్కన కూర్చుని కోణం సరిచేయించి మళ్లీ తీయించాను. గడ్డకూ తెరకూ మధ్య 4 మిల్లీమీటర్లు ఉంది. చుట్టుపక్కల సిరల్లోకి పాకలేదు. మలాన్ని ఆపి ఉంచే కండరానికీ గడ్డకూ మధ్య సర్జన్‌కు సరిపడా చోటుంది.

ఇదంతా కంటితో చదివే చదువు. కంటికి అందనిదాన్ని లెక్కగట్టే విద్య కూడా పదేళ్లకు పైగా పెరుగుతోంది. దాన్ని రేడియోమిక్స్ అంటున్నారు.

మా అమ్మ చేటలో బియ్యం చెరుగుతుంటే గుప్పెడు మినుములు పడ్డాయనుకోండి. ఒక చేటలో అవి అంతటా కలిసిపోయాయి. ఇంకో చేటలో ఒక మూల నల్లగా గుట్టపడ్డాయి. రెండింట్లోనూ ఉన్నది గుప్పెడే, తెలుపు నలుపుల సగటు ఒకటే. అమరిక వేరు. స్కాన్ బొమ్మలో ప్రతి చుక్కకూ, అది ఎంత తెలుపో ఎంత నలుపో చెప్పే అంకె ఒకటుంటుంది. నా కన్ను గడ్డను ఒక బూడిదరంగు ముద్దగా చూస్తుంది. ఏ అంకె పక్కన ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో కంప్యూటరు లెక్కపెడుతుంది. రక్తం అందక చచ్చిన కణాలున్న గడ్డలో ఆ అమరిక ఒకలా, కణాలు ఒత్తుగా పేరుకున్న గడ్డలో మరోలా ఉంటుంది.

ఈ లెక్క వైద్యంలో పుట్టలేదు. అమెరికాలో రాబర్ట్ హరాలిక్, మరో ఇద్దరు కలిసి 1973లో ఇసుకరాళ్ల రకాలనూ, విమానం నుంచి, ఉపగ్రహం నుంచి తీసిన నేల బొమ్మలనూ వేరుచేయడానికి 14 కొలతలు తయారుచేశారు. నేల తీరు పట్టిచ్చిన ఆ కొలతలే ఇవాళ గడ్డ తీరును పట్టిస్తున్నాయి. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు చాలాసేపు ఆశ్చర్యం తగ్గలేదు.

మరి రేడియోమిక్స్ ఏం చెప్పగలుగుతోంది? లింఫ్ గ్రంథుల సంగతే చూడండి. చిన్న గ్రంథిలోనూ క్యాన్సర్ దాగి ఉండొచ్చు, పెద్ద గ్రంథి ఉత్త వాపే కావచ్చు. అందుకే సైజు చూసి చెప్పే మాట తరచూ తప్పుతుంది. 2016లో చైనాలోని గ్వాంగ్‌జౌ వైద్యులు 326 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల సీటీ బొమ్మల నుంచి 24 లక్షణాలు ఏరి, రక్తంలోని సీఈఏ అనే క్యాన్సర్ సూచికనూ రేడియాలజిస్టు అభిప్రాయాన్నీ కలిపి ఒక అంచనా పద్ధతి తయారుచేశారు. దాన్ని మరో 200 మంది మీద పరీక్షించారు. గ్రంథులకు పాకినవారు ఒకరు, పాకనివారు ఒకరు చొప్పున జతలు కడితే, నూటికి దాదాపు 78 జతల్లో పాకినవారికే ఎక్కువ ప్రమాదం చూపింది. సాయంగా పెట్టుకోవడానికి అది మంచి మార్కే. తీర్పు దానికే వదిలేయడానికి చాలదు.

నన్ను ఎక్కువ కదిలించేది ఇంకో ప్రశ్న. బ్రెజిల్ సర్జన్ ఆంజెలీటా హాబ్ర్ గామా 2004లో చెప్పిన లెక్క ప్రకారం, రేడియేషన్, కీమో తీసుకున్న 265 మందిలో 71 మందికి గడ్డ కనిపించకుండా కరిగిపోయింది. వారికి కోత పెట్టకుండా దగ్గర నుంచి గమనిస్తూ వచ్చారు. ఎవరి గడ్డ అలా కరుగుతుందో మొదటి స్కానే చెప్పగలిగితే ఎంతమందికి సంచీ తప్పుతుందో! కొంత ఇప్పటికే కంటికి తెలుస్తుంది. జిగురు నిండిన గడ్డ ఎంఆర్‌ఐలో తెల్లగా మెరుస్తుంది, అలాంటిది రేడియేషన్‌కు అంత సులువుగా లొంగదు. మిగతాది లెక్కల పని.

ఆ లెక్కలో ఉన్న చిక్కు నా చేతులతోనే తెలుసుకున్నాను. కంప్యూటరుకు ముందు గడ్డ ఇదీ అని అంచు గీసి చూపించాలి. ఒకే గడ్డకు నేను ఈరోజు గీసిన గీత, నెల తర్వాత గీసిన గీతతో సరిపోలలేదు. గీత మారితే అంకెలు మారాయి. మిషను మారినా, బొమ్మ మందం మారినా మారతాయి. అందుకే 2020లో పలు దేశాల పరిశోధకులు కలిసి 169 లక్షణాలకు ఒకే నిర్వచనం కుదిర్చారు. పైగా వేరే దేశపు రోగులతో నేర్పిన అంచనాను మన రోగుల మీద మళ్లీ పరీక్షించుకోవాలి. ముంబై టాటా మెమోరియల్ వైద్యులు 2017లో ప్రచురించిన 800 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల లెక్కలో సగటు వయసు 47 చిల్లర. పాశ్చాత్య దేశాల్లో ఈ క్యాన్సర్ ఎక్కువగా పెద్దవయసు జబ్బు.

గడ్డలో కేరాస్ అనే జన్యువులో మార్పు ఉందో లేదో కూడా బొమ్మ అమరికను బట్టి చెప్పాలని పరిశోధనలు జరుగుతున్నాయి. జరగాలి. కానీ ఆ మార్పును బట్టి మందు నిర్ణయించాల్సి వచ్చినప్పుడు నేను ముక్క తీసి పరీక్ష చేయించమనే రాస్తాను. మనిషి ప్రాణం మీద పెట్టే మందు అంచనా మీద పెట్టేది కాదు.

మాస్టారికి ముందు రేడియేషన్ అవసరం లేదని వైద్యులందరూ కూర్చుని తేల్చారు. నేరుగా ఆపరేషన్ చేసి పేగును మళ్లీ కలిపారు. కుట్లు మానేదాకా మూడు నెలలు సంచీ ఉంది, తర్వాత తీసేశారు. ఆయన బడికి వెళ్తున్నారు.

స్కాన్ తీయించుకున్నవారికి ఒక విన్నపం. ఫిల్ము, రిపోర్టులతో పాటు బొమ్మలన్నీ ఉన్న సీడీ అడిగి తీసుకోండి. చుక్కల అంకెలు దానిలోనే ఉంటాయి, ఫిల్ములో ఉండవు. చికిత్సకు ముందు తీసిన మొదటి సీడీని పారేయకండి. మలంలో రక్తం పడితే మాత్రం మొలలని మీరే తేల్చుకోకుండా డాక్టరుతో వేలి పరీక్ష చేయించుకోండి. అవసరమన్నారంటే కొలనోస్కోపీకి వెనకాడకండి. మాస్టారి గడ్డను మొదట పట్టింది ఆ వేలే.