ఈడూ జోడూ కుదిరితేనే పాట

పెళ్లిసంబంధానికి వెళ్లినప్పుడు మనవాళ్లు పిల్లను ఒక్కదాన్నీ చూసి వచ్చెయ్యరు. పిల్లవాడి జాతకం పక్కన పెట్టి, ఈడూ జోడూ కుదురుతుందా లేదా అని నలుగురూ కూర్చుని ఆలోచిస్తారు. ఆ పాటి ఇంగితం, పాటలు వినే పరికరం కొనేటప్పుడు నాకు లేకపోయింది. సంధి తప్పితే పిల్లల మార్కులు కోసే తెలుగు మేష్టరును నేను. నా ఇంట్లోనే సంధి కుదరలేదన్న సంగతి మాత్రం రెండేళ్లదాకా తెలుసుకోలేకపోయాను.

మాది నెల్లూరు జిల్లా బోగోలు. రైలు స్టేషనుకు మాత్రం బిట్రగుంట అని పేరు. ఆవిరి యింజన్ల కాలంలో ఇక్కడి లోకోషెడ్డు పేరు మోసింది. మా నాయన ఆ యింజన్ల మీద ఫైర్‌మన్‌గా పనిచేశారు. ఆ రొదలో, ఆ కూతల్లో ఏళ్ల తరబడి నిలబడి, చెవుల్లో సగం పాలు రైల్వేకే ఇచ్చి ఇంటికి వచ్చారు. డాక్టరుకు చూపించి వినికిడి యంత్రం పెట్టించాము. ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం పాత పాటలు. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం ప్రారంభమైన తరువాత, ఊళ్లో ఒకరి ఇంటి అరుగు మీద వాల్వు రేడియోలో పాటలు వింటూ పెరిగిన తరం వారిది. “ఆ నిండు గొంతు మళ్లీ వినపడటం లేదురా అబ్బయ్యా” అనేవారు.

ఆ మాట పట్టుకుని, ప్రావిడెంటు ఫండులో అప్పు తీసి, వాల్వు యాంప్లిఫయరు ఒకటి కొన్నాను. ఇప్పటివారు వాల్వును ట్యూబు అంటున్నారు. నాది ఇ.ఎల్. 84 అనే వాల్వులున్నది. ఒక్కొక్క వైపుకు 10 వాట్లు ఇస్తుంది. దానికి జతగా, చూడ ముచ్చటగా ఉన్న రెండు బుల్లి స్పీకర్లు తెచ్చాను. “100 వాట్ల స్పీకర్లు సార్, ఇల్లు అదిరిపోతుంది” అన్నాడు అమ్మినాయన.

ఇల్లు అదిరిన మాట నిజమే, కాని పాటతో కాదు. నాయనకు వినపడక మీట చివరిదాకా తిప్పేవారు. గొంతు గరగరలాడేది. పక్క గదిలో పదో తరగతి చదువుతున్న అమ్మాయి పుస్తకం మూసి వచ్చి గుమ్మంలో నిలబడేది. “ఏమండీ, అప్పు చేసి తెచ్చింది ఇందుకా?” అని మా ఇంటావిడ నన్ను అడిగేది గాని, మామగారిని ఏమీ అనేది కాదు. నాయనకు ఆ మాట ఎట్లాగో చేరింది. మరునాటి నుంచి పెట్టె ముట్టుకోవడం మానేశారు. అప్పు మాట అటుంచి, ఆ మౌనమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

అప్పుడు గాని లెక్క చూడలేదు. స్పీకరు మీద రాసే వాట్లు అది తట్టుకోగల బలం. అది పుట్టించే ధ్వని కాదు. గాదె పరిమాణం చూసి పంట ఎంతో చెప్పగలమా? చూడవలసిన అంకె మరొకటి ఉంది. ఒక్క వాటు శక్తి ఇస్తే, మీటరు దూరంలో ఆ స్పీకరు ఎన్ని డెసిబెల్స్ ధ్వని ఇస్తుందన్నది. దానినే సెన్సిటివిటీ అంటారు. మా బుల్లి స్పీకర్లకు అది 84. యాంప్లిఫయరు శక్తి రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. పది రెట్లు చేస్తే 10. కనుక నా 10 వాట్లకు మీటరు దూరంలో 94 వస్తుంది. నాయన కుర్చీ దగ్గరికి వచ్చేసరికి అందులో కొంత గదికి దక్షిణగా పోతుంది. పాటలో ఎగిసే ఘట్టాలు మామూలు స్థాయి కన్నా 10, 15 డెసిబెల్స్ పైకి పోతాయి. వాటికి చోటు వదిలితే, వినేది మిగతా కాస్తే. మీట చివరిదాకా తిప్పితే ఆ ఎత్తులు నరికినట్లు చదునై గరగర పుడుతుంది. వినికిడి తగ్గినవారికి అది మరీ శత్రువు. వయసుతో మొదట జారిపోయేది సన్నని ధ్వనులు; స, ష వంటి అక్షరాలు వాటితోనే పోతాయి. నాయనకు కావలసింది పెద్ద చప్పుడు కాదు, తేటదనం.

మన రామమందిరం మీద కట్టే హారను సంగతి చూడండి. చిన్న యాంప్లిఫయరుతోనే ఊరంతా మేలుకొలుపు వినిపిస్తుంది. సెన్సిటివిటీ ఎక్కువ కావడమే అందులో కిటుకు. అమెరికాలో పాల్ క్లిప్ష్ అనే ఇంజనీరు 1946లోనే ఈ హారను సూత్రంతో ఇంట్లో వినే పెద్ద స్పీకరు తయారుచేశాడు. కొద్ది వాట్లే దానికి చాలు. మనకు అంత పెద్దది అక్కరలేదు. 92, 93 డెసిబెల్స్ ఉన్న సామాన్యమైన పెట్టెలు దొరుకుతాయి. 84కూ 93కూ తేడా 9. అంటే శక్తిలో ఎనిమిది రెట్లు. నా 10 వాట్లు 80 వాట్ల పని చేస్తాయన్న మాట. కొత్త యాంప్లిఫయరు కొనకుండానే!

రెండో జాతకం ఓములది. యాంప్లిఫయరు వెనుక 4, 8, కొన్నిటికి 16 అని తీగ తగిలించే చోట్లు ఉంటాయి. 8 ఓముల స్పీకరును 8 దగ్గరే తగిలించాలి. ఇందులో ఒక మెలిక ఉన్నది. స్పీకరు నిరోధం అన్ని స్వరాలకూ ఒకటిగా ఉండదు. ఒకచోట 4కు దిగి, మరోచోట 30కి ఎక్కవచ్చు. వాల్వు యాంప్లిఫయర్లు చాలా వరకు ఆ ఎగుడుదిగుళ్లను అనుసరించి పాటను కూడా ఎగుడుదిగుడు చేస్తాయి. కనుక నిరోధం నిలకడగా ఉండి, 6 ఓముల కన్నా దిగని స్పీకరు మేలు. స్పీకరు తగిలించకుండా వాల్వు యాంప్లిఫయరును ఎన్నడూ నడపరాదు. లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు దెబ్బ తింటుంది.

ఇక కొనేవారికి నాలుగు మాటలు. ముందు గది చూసుకోండి, తరువాత స్పీకరు, చివరకు యాంప్లిఫయరు. నేను తలక్రిందులుగా చేశాను. మామూలు గదికి, మంచి సెన్సిటివిటీ ఉంటే, ఇ.ఎల్. 84 జత చాలు. 86, 87 డెసిబెల్స్ స్పీకర్ల మీద మోజుంటే ఇ.ఎల్. 34 జత కావాలి. అది 30, 40 వాట్లు ఇస్తుంది. సెల్ఫ్ బయస్ ఉన్న యంత్రమైతే వాల్వు మార్చినప్పుడల్లా మెకానిక్కు కోసం పరుగెత్తే పని తగ్గుతుంది. పవరు వాల్వులు సుమారు 2,000 నుంచి 5,000 గంటలు పనిచేస్తాయి. కొత్తవి నేటికీ స్లొవేకియా, రష్యా, చైనా దేశాల్లో తయారవుతున్నాయి. అన్నిటికన్నా ముఖ్యం, లోపల 300 వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు పీకిన తరువాత కూడా కండెన్సర్లలో నిలిచి ఉంటుంది. మూత తెరవడం తెలిసినవారి పని. పిల్లలున్న ఇంట్లో వాల్వుల మీద జాలీ ఉండాలి, ఎర్తు సరిగా ఉన్న మూడు కాళ్ల ప్లగ్గు ఉండాలి. మావంటి సముద్రపు గాలి ఊళ్లలో వాల్వు కాళ్లకూ సాకెట్లకూ చిలుము పడుతుంది. ఏటా శుభ్రం చేయించాలి. బీరువాలో పెట్టి మూయకండి, వేడి పోయే దారి ఉండాలి.

ఇంత చెప్పి ఒక నిజం దాచడం న్యాయం కాదు. 1947లో ట్రాన్సిస్టరు పుట్టింది. నేటి ట్రాన్సిస్టరు యాంప్లిఫయరు తక్కువ ధరకే, తక్కువ కరెంటుతో, ఎక్కువ శక్తినీ తక్కువ దోషాన్నీ ఇస్తుంది. వాల్వును కోరుకోవడం ముచ్చట, అవసరం కాదు. ఆ ముచ్చట కోసం అప్పు చేయవద్దని నా అనుభవం.

బుల్లి స్పీకర్లు సగం ధరకు అమ్మి, ఎవరో వాడిన పాత పెద్ద పెట్టెలు, 93 డెసిబెల్స్‌వి, తెచ్చాను. మా ఇంటావిడ వాటిని చూసి, “ఇవి ధాన్యం పోసుకునేందుకా?” అన్నది. ఆ సాయంత్రం నాయనను బతిమాలి కుర్చీలో కూర్చోబెట్టాను. మీట సగానికి కూడా పోలేదు. పాట మధ్యలో వంటింట్లో నుంచి ఆవిడ వచ్చి, “ఈ పాటలో వీణ కూడా ఉందా?” అని అడిగింది.

నాయన ఏమీ అనలేదు. పాట అయ్యేదాకా కళ్లు మూసుకుని కూర్చున్నారు. తరువాత పక్క గది వైపు చూసి, “కాస్త తగ్గించరా అబ్బయ్యా, పాప చదువుకుంటున్నది” అన్నారు.