అన్యభాషా సంభాషణమునకు బొమ్మలు, కథలు

ఠాణే జిల్లాలోని భివండీ మరమగ్గముల పట్టణము. అందలి పద్మనగరమున, తెలంగాణము నుండి బ్రతుకుతెరువునకై వచ్చిన పద్మశాలి కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. ఇచ్చటి పిల్లలకు ఇంట తెలుగు, వీథిలో హిందీ, మరాఠీ చెవిని బడి అలవడును. ఆంగ్లము మాత్రము పుస్తకము ద్వారమున వచ్చుచున్నది. కావుననే పాఠమును తప్పులేక వ్రాయగల బాలుడు సైతము, ఆంగ్లమున పేరడిగినంతనే తలవంచుకొనును. వానికి కొరవడినది పదజ్ఞానము కాదు, ధైర్యము. తప్పు పలికినచో తోడివారు నవ్వుదురని వాని భయము.

ఈ భయమును పోగొట్టుటకు బొమ్మ మొదటి సాధనము. బొమ్మ మాటాడునపుడు తప్పు బొమ్మదే గాని పిల్లవానిది కాదు. మా తరగతిలో ఖాళీ నూలుకోనులకు గుడ్డపీలికలు చుట్టి, కన్నులు దిద్ది, ఆవును, అవ్వను, చీమను చేసికొంటిమి. ఇందులకు వ్యయమేమియు లేదు.

రెండవ సాధనము కథ. ఒకే వాక్యము మరల మరల వచ్చు గొలుసుకథ ఇందులకు మిక్కిలి అనుకూలము. మన ఏడుచేపల కథ యట్టిది. ఎండని చేప గడ్డిమోపును, గడ్డిమోపు ఆవును, ఆవు పాలేరును, పాలేరు అవ్వను, అవ్వ పిల్లవానిని, పిల్లవాడు చీమను కారణముగా జూపుదురు. ప్రశ్న యొక్కటే, సమాధానము చెప్పువారు మారుదురు. తొలుత కథను తెలుగుననే చెప్పవలయును. పిదప బొమ్మల నాడించుచు "వై?" యను ప్రశ్నను మాత్రము ఆంగ్లమున నడుగవలయును. అది అలవడిన తరువాత "బికాజ్" అను మాటతో సమాధానములను పలికింపవలయును. ఐదుగురేసి జట్టులైనచో అందరికిని వంతు వచ్చును.

ఆరు మాసములు నోరు మెదపని బాలిక యొకతె, చీమబొమ్మను చేతబట్టి, "బికాజ్ హి పుట్ ఫింగర్ ఇన్ మై హౌస్" అనెను. నేను సవరింపలేదు. మరునాడు కథ చెప్పుచు "హిజ్ ఫింగర్" అని స్పష్టముగా పలికితిని. తన వంతు వచ్చినపుడు ఆమెయే దిద్దుకొనెను.

ఈ మార్గము క్రొత్తది కాదు. 1920లో భావనగరమున బాలమందిరమును నెలకొల్పిన గిజుభాయి బధేకా కథకు విద్యలో పెద్దపీట వేసిరి. 2023లో కేంద్రప్రభుత్వము మూడు మొదలు ఎనిమిదేండ్ల పిల్లలకై వెలువరించిన "జాదుయీ పిటారా" యందును బొమ్మలు, కథాపుస్తకములు కలవు.

తెలుగు విడిచిననే ఆంగ్లము వచ్చునని తలంచి పిల్లలను మా బడి మాన్పించు తల్లిదండ్రులు కలరు. వారికి నా మనవి యొక్కటే. ఆ బాలిక ఆంగ్లమున చెప్పిన కథ తన యవ్వ వద్ద తెలుగున విన్నదే. పడుగు లేక పేక నిలువదని మగ్గమెరిగిన వారికి వేరుగ చెప్పవలయునా?